పాలగిన్నెలో అర్ధణా

జహనుమా,
8 జులై 1938, శుక్రవారం.

మరదలు రాజమణికి వదిన లలితమ్మ దీవించి రాయడం.

ముందు ఇంటి సంగతులు రాసి, ఆ తర్వాత అసలు సంగతికి వస్తాను. అది ముందే రాస్తే మిగతాది చదవకుండా వదిలేస్తావు. చుక్క బర్రె మొన్న ఈనింది. దున్నదూడ. మీ అన్న మొహం ముడుచుకుని ఆ పూటంతా కొట్టంలో అడుగు పెట్టలేదు. కొట్టం పెంకులు మళ్లీ కదిలాయి, వాన పడితే మేత తడుస్తోంది. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గలేదు. నువ్వు పంపిన తైలం సీసాను, నా బిడ్డ దవాఖానా నుంచి పంపిందని వాడకట్టంతా తిప్పి చూపించింది. రాసుకోవడం మాత్రం మరిచిపోతోంది.

ఇక అసలు సంగతి. నీ కుక్క గార్డు ఈ పొద్దున ఒక అర్ధణా బిళ్ల మింగింది. అరుగు మీద గిన్నెలో పాలు పెట్టి, నేను కుంకుడుకాయల నురుగు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. ఆ పాలలో బిళ్ల ఉంది. తిరిగి వచ్చేసరికి కుక్క గిన్నె నాకుతోంది. నన్ను చూసి తల ఎత్తి గుటక వేసింది. గిన్నె బోర్లించి చూశాను, అరుగు కింద వెతికాను, దాని నోట్లో చేయి పెట్టి గొంతు దాకా తడిమాను. అది కరవలేదు. ఊరికే నా వంక చూస్తూ నిలబడింది.

వెంటనే కొట్టంలో గొలుసుతో కట్టేశాను. బయట తిరగనిస్తే మింగినది ఏ గల్లీలో పడుతుందో ఎవరు చూస్తారు. మీ డాక్టరమ్మను అడిగి తొందరగా రాయి. మింగిన వస్తువు పైనుంచి అయినా, కిందినుంచి అయినా, ఎట్లా బయటికి తెప్పించాలి? ఎంత తొందరగా వస్తుంది? అర్ధణా కోసం అడగడం లేదు. మూగజీవి. నీ మొగుడు పెంచినది. విశ్వేశ్వర్ పోయి నువ్వు ఆ దవాఖానా నౌకరీకి వెళ్లినప్పటి నుంచి నా ఇంట్లోనే తింటోంది. దానికి ఏమైనా అయితే నాకు మాట వస్తుంది.

మీ అన్నకు ఈ సంగతి చెప్పలేదు. ఆయన పేర వేరే కార్డు రాయవద్దు. నాకే రాయి. ఈ జాబు ఫలక్‌నుమా స్టేషన్‌లో రైలు టపా డబ్బాలో వేయిస్తున్నాను, ఎల్లుండికి నీకు చేరాలి.

నీ వదిన,
లలితమ్మ.


మహబూబ్‌నగర్, మిషన్ దవాఖానా,
10 జులై 1938.

వదినకు రాజమణి దండాలు.

నీ జాబు వార్డులో నిలబడే చదివాను. వదినా, నిజం చెబుతున్నాను, గార్డు కోసం నువ్వు జాబు రాస్తావని నేను ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు వాడికి గంజి పోయించడమే ఎక్కువని, ఆకలికి ఎండిపోతున్నాడేమోనని ఇన్నాళ్లు లోపల నిన్ను అనుకుంటూ వచ్చాను. అది తప్పని ఇప్పుడు తెలిసింది. నీ చేయి వాడి గొంతులోకి వెళ్లిందని చదివి ఏడ్చాను. ఆయనకు తప్ప ఇంకెవరికీ వాడు నోరు తెరిచేవాడు కాదు.

నీకు తెలుసు కదా, గూడ్సు బండి గార్డు డబ్బాలోంచి ఆయన జేబులో పెట్టుకుని దించిన పిల్ల వాడు. అందుకే ఆ పేరు. ఆయన వస్తువులలో గడియారం మీ ఇంట్లో ఉంది, బట్టలు పంచేశారు. నాకని మిగిలింది వాడొక్కడే. దసరాకు నాకు దవాఖానా వెనక వైపు విడిగా గది ఇస్తామన్నారు. వాకిలి ఉంది. దొరసాని డాక్టరమ్మ కుక్కను తెచ్చుకోవచ్చని ఒప్పుకుంది. దసరా దాకా వాడిని కాపాడు వదినా, ఆ తర్వాత నీకు ఆ బరువు ఉండదు.

ఇక మందు సంగతి. డాక్టరమ్మ భోజనం చేస్తుంటే వెళ్లి అడిగాను. ఆమె చేయి ఆపి ఒకటికి రెండుసార్లు అడిగింది, అది బిళ్లేనా, దానికి మొన ఉందా, దారం గాని తాడు గాని ఉందా అని. నాకు నవ్వు వచ్చింది. “అమ్మా, మా వదిన రాసిందంటె రాసిందే. పాల లెక్కల సుక్క తేడ రాదు ఆమెకు” అన్నాను. అయితే భయం లేదని చెప్పింది. గుండ్రని నున్నని బిళ్ల అయితే, ఉప్పు గడ్డ ఒకటి నాలుక వెనక పెట్టి నోరు మూసి పట్టుకుంటే కక్కేస్తాడట. కక్కకపోతే ఆముదం పోసి, మెత్తని అన్నంలో అరటిపండు పిసికి పెట్టాలి. అన్నం బిళ్లను చుట్టుకుని కిందికి జారుస్తుందట.

ఒకటి అర్థం కాలేదు. పాలగిన్నెలో అర్ధణా ఎందుకు పడింది? నీ చేతి నుంచి గింజ కూడా జారదు కదా. ఊరికే అడుగుతున్నాను.

వాడి చెవుల వెనక గోకు. అక్కడ గోకితే ఏ మందయినా తాగుతాడు.

నీ ఆడబిడ్డ,
రాజమణి.


జహనుమా,
13 జులై 1938.

రాజమణికి,

నీ జాబు నిన్న అందింది. చెప్పినవి చెప్పిన వరసలో చేశాను. ముందు ఉప్పు. నేను దవడలు పట్టుకున్నాను, అత్తమ్మ నోరు మూసి పట్టి వదిలింది. కక్కింది గాని, నురుగు, దాంతో కొంచెం ఎర్రగా. ఇంకోసారి పెట్టాను. ఈసారి ఎరుపు ఎక్కువ, వస్తువు లేదు. సాయంత్రం ఆముదం పోశాను. అన్నం ముట్టలేదు. చెవుల వెనక గోకాను, అయినా ముట్టలేదు. ఈ పొద్దున తోక కింద చూస్తే బెత్తెడు పసుపు దారం వేలాడుతోంది.

అందుకని నీకు ముందు రాయని సంగతి రాయాల్సి వస్తోంది. అది మింగింది అర్ధణా కాదు. నా పుస్తెలతాడు.

శుక్రవారం తలస్నానం చేసి పాత తాడు మార్చుకుందామని, మెడలో పసుపు కొమ్ము కట్టుకుని తాడు తీశాను. ముడి బిగిసి రాయిలా అయింది. మా పుట్టింట్లో పాలలో నానవేస్తే ముడి వదులవుతుందంటారు, పుస్తెలు కూడా శుద్ధి అవుతాయి. అందుకని తాడు తాడుగానే పాలగిన్నెలో వేశాను. పుట్టింటి పుస్తె, అత్తింటి పుస్తె, రెండూ దానికే ఉన్నాయి. పిన్నీసులు కూడా దానికే పెట్టుకుంటాను కదా, అవి తీయలేదు. ఒకదానికి మూత సరిగా పడదు.

నీకు ఎందుకు రాయలేదంటే, శుక్రవారం పూట ఆ మాట కాగితం మీద పెట్టి నీకు పంపడానికి నాకు చేయి ఆడలేదు. నువ్వు వేరేగా అనుకోకు. ఇంకెవరైనా అయితే రాసేదాన్ని. అత్తమ్మ కూడా వద్దంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను, దాచడం నాకు అలవాటు లేదు. “ముండమోసినదానికి పుస్తె పోయిందని రాస్తవా? దాని కండ్ల పడ్డంక ఇంకేమన్న మిగుల్తదా? పైస మింగిందని రాయి” అంది. నీ తల్లి మాట, నా మాట కాదు.

మీ అన్నకు ఇంకా తెలియదు. కొంగు మెడ చుట్టూ కప్పుకుని తిరుగుతున్నాను. ఉక్కపోతకు ప్రాణం పోతోంది. పుస్తె లేని మెడతో మొగుడికి అన్నం వడ్డించడం ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆ దారం సంగతి అడుగు. లాగవచ్చా? బర్రెలకు మందిచ్చే సాయిలు, చేతికి చిక్కినంక లాగకుండ ఎట్లుంటరమ్మా అంటున్నాడు.

దూడ పాలు బాగా కుడుస్తోంది.

లలితమ్మ.


మహబూబ్‌నగర్,
15 జులై 1938.

వదినా,

లాగవద్దు. సాయిలును కొట్టంలోకి రానివ్వవద్దు. ఉప్పు వద్దు, ఆముదం వద్దు, అన్నం కూడా వద్దు. ఈ జాబు చదివిన వెంటనే జట్కా మాట్లాడి, వాడిని గోనెలో చుట్టి, నయాపూల్ దాటి పశువుల దవాఖానాకు తీసుకుపో. అక్కడ కోసి తీసి కుట్టగలరు. నీ పుస్తెలు నీకు దక్కుతాయి, వాడూ బతుకుతాడు. రెండూ జరిగే దారి అదొక్కటే. అన్నకు చెప్పడానికి భయమైతే నా పేరు చెప్పు, నేను రాశానని చెప్పు.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. తాడు ఒక కొస లోపల ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. పేగు ఆ తాడు మీద ముడుచుకుంటూ పోతుంది, లంగాకు బొందు లాగినట్టు. లాగిన కొద్దీ తాడు పేగును కోస్తుంది. ఉప్పు పెట్టినప్పుడు వచ్చిన ఎరుపు పిన్నీసు గీసినది అయి ఉంటుందట. ఆమె నన్ను తిట్టలేదు. “నీ వదిన లెక్క తప్పదు అని చెప్పావు కదా” అన్నది, అంతే. ఆ ఉప్పు మందు నీకు రాసింది నా చేయి. నా చేత్తో వాడికి ఉప్పు పెట్టించావు.

సెలవు అడిగాను. ఇక్కడ కాన్పులు ఎక్కువగా ఉన్నాయి, బుధవారం దాకా కదలనివ్వరు. బుధవారం పొద్దుటి బండికి వస్తున్నాను. అప్పటిదాకా ఆగకుండా నువ్వే తీసుకుపో.

నన్ను కన్న అవ్వ మాట చదివాను. ఇప్పుడు దానికి తీరిక లేదు.

రాజమణి.


జహనుమా,
17 జులై 1938, ఆదివారం.

మరదలు రాజమణికి లలితమ్మ.

నీ జాబు ఈ పొద్దున వచ్చింది. అంతకు ముందే నిన్న పని జరిగిపోయింది, కాబట్టి నా మీద కోపం పెట్టుకోవడంలో అర్థం లేదు. సాయిలు వచ్చాడు. కుక్క మూతిని గోనెసంచిలో దూర్చి, కాళ్లు కట్టి, నేను తల మీద మోకాలు ఆనించి పట్టుకున్నాను. సాయిలు దారం కొస చేతికి చుట్టుకుని మెల్లగా లాగాడు. మూరెడు వచ్చింది. దాంతో పుట్టింటి పుస్తె వచ్చింది, వంకరపోయిన పిన్నీసు ఒకటి వచ్చింది. కుక్క అరిచిన అరుపుకు బర్రెలు గుంజలు పీక్కోబోయాయి. తర్వాత తాడు పుటుక్కున తెగింది. అత్తింటి పుస్తె లోపలే ఉంది.

అరుపు విని మీ అన్న వచ్చాడు. అప్పుడిక చెప్పక తప్పలేదు.  ఆయన గోడకు ఆనుకుని నిలబడి సాయిలుతో “కోసి తియ్యి. కుక్కదేముంది” అన్నాడు. సాయిలు కత్తి కూడా తెచ్చుకున్నాడు. నేనే ఆపాను. బతికున్న కుక్కను ఇంట్లో కోస్తే ఇంటికి పాపం, రేపో మాపో అదే పోతుంది, అప్పుడు కోసుకుందాం అని చెప్పాను. ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల మాట సాగి ఉంటే నిన్ననే అయిపోయేది.

దవాఖానా సంగతి రాశావు. జట్కా ఎక్కించి బజారు మధ్య నుంచి తీసుకుపోతే, ఏం మింగిందని ప్రతివాడూ అడుగుతాడు. నేను ఏం చెప్పాలి? అక్కడ కూడా రాసుకుంటారు, పేరు, మొగుడి పేరు. ఆ పని నా వల్ల కాదు.

కుక్క కొట్టంలోనే ఉంది. నీళ్లు పెట్టాను, ముట్టలేదు. గొలుసు పొట్టి చేశాను, ఎందుకంటే పడితే అక్కడే పడాలి.

ఒక్క మాట. బుధవారం రావద్దు. బుధవారం మంచిదని పంతులు చెప్పాడు. ఐదుగురు ముత్తైదువలను పిలిచి కొత్త తాడు కట్టిస్తున్నారు. పుట్టింటి పుస్తె ఒకటి, రెండోదాని చోట ఇప్పటికి పసుపు కొమ్ము. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉంటే నీకే చిన్నతనం, వాళ్ల ఎదురుగా నిన్ను కొట్టంలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. శనివారం రా. నెయ్యి డబ్బా నీ కోసం తీసి పెట్టాను.

నీ మేలు కోరే వదిన,
లలితమ్మ.


జహనుమా,
23 జులై 1938.

రాజమణికి,

నువ్వు చేసిన పని గురించి ముందు రాయాలి, తర్వాత అడగవలసింది అడుగుతాను.

రావద్దని రాసినా బుధవారమే వచ్చావు. ముందు వాకిట్లో నుంచి కాకుండా కొట్టం తలుపు తెరుచుకుని వచ్చావు, అది సరే. కాని ముత్తైదువ నాగమణమ్మ నా మెడ వెనక ముడి వేస్తోంది, నా చేతిలో పసుపు ముద్ద ఉంది, తల ఎత్తితే ఎదురుగా నువ్వు. చేతిలో కుక్క. దాని తల నీ మోచేతి మీద నుంచి వేలాడుతోంది. ఐదుగురు ముత్తైదువలూ చూశారు. అత్తమ్మ “గిప్పుడే దొరికిందా నీకు మొహం చూపెట్టనీకి?” అంటే నువ్వు ఏమన్నావో నీకు గుర్తుందా? “నా కుక్కను తీస్కపోతున్న అవ్వా. మీ పసుపు కుంకుమలు మీరు చూస్కోండ్రి” అన్నావు. అంతే, వెనక్కి తిరిగి చూడకుండా జట్కా ఎక్కావు. ఒక్క గుక్క మంచినీళ్లు తాగలేదు. నెయ్యి డబ్బా అక్కడే ఉంది.

ముడి చేయి జారి మళ్లీ వేయాల్సి వచ్చింది. నాగమణమ్మ కళ్లు నా మొహం మీది నుంచి తిప్పుకుంది.

ఇప్పుడు విను. నువ్వు వెళ్లిన మర్నాటి నుంచి మీ అన్నకు జ్వరం. పొద్దున తగ్గినట్టు ఉంటుంది, మళ్లీ వణుకుతో వస్తుంది. దుప్పట్లు కప్పినా ఆగడం లేదు. అత్తమ్మ ఏమీ తినడం లేదు, నన్ను చూసినప్పుడల్లా మెడ వంక చూస్తోంది.  కంసాలి దగ్గర కొత్త పుస్తె చేయించవచ్చు గాని, పెళ్లినాడు కట్టినది కుక్క కడుపులో కుళ్లుతుంటే కొత్తది కట్టుకుని ఏం లాభం అంటోంది. నాకూ అట్లాగే ఉంది. కళ్లు మూస్తే ఆ అత్తింటి పుస్తె, మట్టిలో, ఆ పేగుల్లో.

కుక్కను ఎక్కడికి తీసుకుపోయావు? దవాఖానాలో ఏమన్నారు? పోయిందా? కోశారా? లోపల ఏం దొరికింది? దొరికితే ఎవరి దగ్గర ఉంది? పాతిపెట్టి ఉంటే ఎక్కడో చెప్పు, సాయిలును పంపి తవ్విస్తాను. నీకు శ్రమ లేదు. నువ్వు ఒక్క ముక్క రాస్తే చాలు.

రాజమణీ, నీ అన్న. నీ రక్తం. నేను నీకు ఏం చేసినా ఆయన ఏం చేశాడు? నీకు మొగుడు పోయిన బాధ తెలుసు కదా, నా మీద ఎందుకు తెచ్చిపెడతావు? నేను నీ కుక్కకు రెండేళ్లు గంజి పోశాను.

తిరుగు టపాకే రాయి.

లలితమ్మ.


మహబూబ్‌నగర్,
26 జులై 1938.

లలితమ్మ వదినకు,

అన్న జ్వరం గురించి ముందు. వణుకుతో వచ్చి, చెమట పట్టి దిగి, మళ్లీ వస్తోందంటే అది చలిజ్వరం. ఇక్కడ వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. కొయినా మాత్రలు పొట్లం కట్టి ఈ జాబుతో పంపుతున్నాను. అన్నం తిన్న తర్వాత ఇవ్వాలి, చెవులు గుయ్యిమంటాయి, భయపడవద్దు. తగ్గకపోతే దవాఖానాకు తీసుకుపో. జట్కా మాట్లాడుకో. మనిషిని తీసుకుపోతే బజారులో ఎవరూ ఏమీ అడగరు.

ఇక నువ్వు అడిగినవి.

జట్కాలో వాడు నా ఒళ్లో పడుకున్నాడు. కడుపు రాయిలా ఉంది. నయాపూల్ దగ్గర జనం ఎక్కువై బండి ఆగితే, ఒకసారి తల ఎత్తి నా చేయి నాకాడు. నాలుక పొడిగా ఉంది. దవాఖానాలో డాక్టరు కడుపు తడిమి, ఎప్పుడు మింగింది, ఇంతవరకు ఏం చేశారు అని అడిగాడు. ఉప్పు, ఆముదం, లాగడం, అన్నీ చెప్పాను. మొదటి రోజే తెస్తే బతికేవాడన్నాడు. బల్ల మీద పెట్టి కోయకముందే పోయాడు. వాడి కళ్లు మూద్దామని చూశాను. కుక్క కళ్లు మూసుకోవు.

పోయాక కడుపు తెరిచారు. నేనే పక్కన నిలబడి గిన్నె పట్టుకున్నాను, ఆ పని నాకు అలవాటే. పేగు అంతా మడతలు పడి, నాలుగు చోట్ల నిలువునా తెగి ఉంది. గిన్నెలో పడినదాని మీద వెంటనే గుడ్డ కప్పాను.

డాక్టరు పుస్తకంలో రాసుకోవడానికి ఏం మింగిందని అడిగాడు. అర్ధణా అని చెప్పాను. ఆయన నమ్మలేదు. అర్ధణా ఇట్లా కోయదన్నాడు. “మా వదిన రాసింది సార్. ఆమె రాసిందంటె రాసిందే” అన్నాను. అట్లాగే రాసుకున్నాడు.

మా ఆయన్ని పూడ్చిన చోటికి దగ్గరలోనే గార్డును పెట్టాను. ఆ చోటు సాయిలుకు తెలియదు, నీకూ తెలియదు. ఆయన్ని తీసుకుపోయిన రోజు మీరెవరూ అంత దూరం రాలేదు.

లోపల ఏం దొరికిందని అడిగావు. అర్ధణా దొరికింది. ఇంకేదైనా ఉండి ఉంటే నువ్వు మొదటి జాబులోనే రాసి ఉండేదానివి. ఆ జాబు నా దగ్గర భద్రంగా ఉంది, అన్న అడిగితే చూపిస్తాను. అవ్వ అడిగితే, ముండమోసినదాని కంటికి అర్ధణా తప్ప ఏమీ కనబడలేదని చెప్పు.

ఆ బిళ్లను కాగితంలో చుట్టి మాత్రల పొట్లం కింద పెట్టాను. తీసుకుని, పాలతో కడిగి, మెడలో కట్టుకో.

రాజమణి.